బసవపున్నయ్య ఎంచిన తేలిక సంచి

బసవపున్నయ్య చేతికి బట్ట అంచు తగిలితే చాలు, అది ఎన్ని ఉతుకులకు వెలుస్తుందో, లైట్ల కింద ఏ రంగుకు తిరుగుతుందో చెప్పేసేవాడు. ఫిల్మ్‌నగర్‌లో ఆయనకు ఆ పేరుండేది. పేరు రావడం మంచిదే. కాని ఒక విషయంలో పేరొచ్చిన మనిషి అన్ని విషయాలూ తనకు తెలుసనుకోవడం మొదలుపెడతాడు చూడండి, శని పట్టుకునేది అక్కడే. ఆయనకు తొంభై రెండు అక్టోబరులో పట్టుకుంది. చెంబంత సంచి రూపంలో వచ్చింది.

ఆయనది దుగ్గిరాల దగ్గర పల్లె. పదహారో ఏట మద్రాసు వెళ్లి, కోడంబాకంలో ఒక కాస్ట్యూమర్ దగ్గర ఇస్త్రీపెట్టె పట్టి, ఇరవై ఏళ్లలో తనే కాస్ట్యూమర్ అయ్యాడు. పరిశ్రమ మూటాముల్లె సర్దుకుని హైదరాబాదుకు తరలుతున్న రోజుల్లో, ఎనభై ఏడులో, ఆయనా తరలి వచ్చాడు. వెంట భార్య రాజ్యలక్ష్మి, ఆమె తమ్ముడు ఆదినారాయణ. వాళ్లకు పిల్లల్లేరు. తల్లీ తండ్రీ పోయిన ఆదినారాయణను ఎనిమిదో ఏటినుంచి పెంచింది వాళ్లే. పేరుకు బావమరిది గాని బసవపున్నయ్యకు వాడే కొడుకు, వాడే ప్రాణం. ఇప్పుడు వాడికి ఇరవై ఆరు. కెమెరా అసిస్టెంటు.

కాపురం ఫిల్మ్‌నగర్‌లో. బట్టలు పెట్టుకునే రేకుల షెడ్డు మాత్రం షేక్‌పేటలో, భిక్షం ఇంటి వెనక. భిక్షం ఆ ఊరివాడే. స్టూడియోల్లో లైట్లు మోసేవాడు. ఇద్దరు ఎత్తే స్టాండును ఒక్కడే భుజాన వేసుకుని, నోట్లో బీడీ పడిపోకుండా మెట్లెక్కేవాడు. భార్య బాలమణి పెరట్లో కోళ్లూ బాతులూ పెంచి గుడ్లు అమ్మేది. షెడ్డు కిరాయి ఆమే తీసుకునేది, మాస్టరుగారికి మంచినీళ్లూ ఆమే ఇచ్చేది.

సినిమా బట్టలకు కొన్ని ఆచారాలున్నాయి. వాటిని తప్పితే బసవపున్నయ్యకు అన్నం సయించదు. కొత్త బట్టను ముందు సోడానీళ్లలో ఉడికించి గంజి వదిలించాలి. తెల్లది నేరుగా కెమెరా ముందుకు పోకూడదు, లైట్లకు భగ్గున మెరిసి ఫిల్ము పాడుచేస్తుంది. దాన్ని చిక్కటి టీ నీళ్లలో ముంచి, మెరుపు చంపి, అప్పుడు కట్టించాలి. ఇక ఫారిన్ బట్టయితే లోపల చీటీ కత్తిరించి పారెయ్యాలి. హీరోగారు చొక్కా విప్పినప్పుడు ఏ విలాయతీ కంపెనీ పేరో తెరమీద కనబడితే నవ్వులపాలు. ముప్ఫై ఏళ్లుగా ఈ పనులు ఆయన ఆలోచించి చేసేవాడు కాదు. ఆయన చేతులు చేసేవి.

ఆ ఏడు జూబ్లీహిల్స్‌లో ఆఫీసున్న నిర్మాత సుబ్బరామయ్యగారు ఒక సినిమా తీస్తున్నారు. అందులో హీరో మంచుకొండల్లో ఒంటరిగా నడిచి నడిచి ఒక సరస్సు దగ్గరికి చేరతాడు. హీరోగారు ఫిల్మ్‌నగర్ దాటి రారు. ఆయన ముఖం ఇక్కడే ఉప్పు చల్లి తీస్తారు. కొండలూ సరస్సూ, మంచులో పరిచిన పడకా మాత్రం నిజంవి కావాలి. అందుకని ముగ్గురు మనుషులు చిన్న కెమెరా పట్టుకుని మనాలి వెళ్లాలని నిర్ణయమైంది. కో-డైరెక్టరు త్రినాథరావు, కెమెరాకు ఆదినారాయణ, బరువు మొయ్యడానికి భిక్షం. మనాలి పైన ఒక మైదానం దాకా గుర్రాలు పోతాయి. అక్కణ్ణుంచి పైకి వీపుమీద మోసుకుంటూ కాలినడక. మైదానంలో ఒక రాత్రి, సరస్సు దగ్గర ఒక రాత్రి.

పడక కూడా గుడ్డే కాబట్టి అది కాస్ట్యూమ్ వాళ్ల పని. మూడు స్లీపింగ్ బ్యాగులు బసవపున్నయ్య షెడ్డుకు వచ్చాయి. రెండు సికింద్రాబాదులో పాత మిలిటరీ సామాన్ల కొట్టునుంచి తెచ్చినవి. ఖాకీవి, ఒక్కొక్కటీ నాలుగు కిలోలు, కర్పూరం కంపు. మూడోది సుబ్బరామయ్యగారి సొంతం. ఎప్పుడో ఇక్కడ డాక్యుమెంటరీ తియ్యడానికి వచ్చిన తెల్లదొర ఎవరో కానుకగా ఇచ్చిపోయాడట. పాలమీగడలా తెల్లగా ఉంది. లోపలంతా బాతు ఈకల కింద ఉండే మెత్తటి నూగు. మడిస్తే చెంబంత. విప్పి దులిపితే మనిషి పడుకునేంత ఉబ్బుతుంది. తక్కెడలో వేస్తే తొమ్మిది వందల గ్రాములు కూడా తూగలేదు.

బసవపున్నయ్య దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని వేళ్లతో నలిపి నలిపి చూశాడు. ఆయన చేతికి తెలియని వస్తువు జీవితంలో మొదటిసారి తగిలింది. ఆ మాట ఒప్పుకుని ఉంటే ఈ కథ లేదు.

"మూడింట్లో ఏది ఎవరికో మీరే తేల్చండి మాస్టారూ" అన్నాడు త్రినాథరావు. "నాకు ఖాకీది చాలు. నాది లావు ఒళ్లు, ఆ చెంబులో పట్టను."

తేల్చడానికి ఏముంది? అందరికంటే ఎక్కువ మోసేవాడు భిక్షం. బ్యాటరీలు, స్టాండు, ఫిల్ము డబ్బాలు, వంటసామాను. న్యాయంగా అయితే తేలిక సంచి అతనికి పోవాలి. ఆ సంగతి బసవపున్నయ్యకు తెలుసు. కాని ఆయన కళ్లకు భిక్షం భుజాలు కనబడలేదు, ఆదినారాయణ సన్నటి మెడ కనబడింది.

"తేలికది ఆదికి" అన్నాడు.

భిక్షం నవ్వాడు. "గంతే సారూ. నాకు బరువు అలవాటేనాయె. గా సంచి నాకిస్తే గాలికి కొట్కపోతది, దాని ఎన్క నేను ఉరుకాలె."

అందరూ నవ్వారు. బసవపున్నయ్య కూడా నవ్వాడు. లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది గాని, దాన్ని ఆయన పట్టించుకోలేదు.

త్రినాథరావు వెళ్తూ వెళ్తూ ఇంకో మాటన్నాడు. "తెలుపు మాత్రం వద్దండీ. మంచుమీద పరిస్తే కనబడదు. కాస్త తేనెరంగు తెప్పించండి."

ఆ మాట చాలు ఆయన చేతులకు. ముందు కత్తెర వెళ్లింది. సంచి లోపల కుట్టిన చీటీమీద ఏదో పరాయి భాష, దానికింద చిన్న చిన్న బొమ్మలు. ఒక నీళ్లతొట్టి బొమ్మమీద ఇంటూ గుర్తు. చూశాడు. చూస్తూనే కత్తిరించాడు. చీటీ చెత్తడబ్బాలో పడ్డాక, తొట్టిమీద ఇంటూ ఎందుకు పెట్టారబ్బా అని ఒక్క క్షణం అనుకున్నాడు. అప్పటికే పొయ్యిమీద సోడానీళ్లు కళపెళలాడుతున్నాయి.

సోడాలో ఉడికించాడు. టీ నీళ్లలో రాత్రంతా నానబెట్టాడు. పొద్దున్న తీసి, అలవాటు ప్రకారం ఇద్దరి చేత చెరో కొసా పట్టించి పిండించాడు. షెడ్డు వెనక బండలమీద రెండు రోజులు ఎండబెట్టాడు. రంగు అద్భుతంగా వచ్చింది, ముదురు తేనెరంగు. పైన ముట్టుకుంటే పొడిగానే ఉంది. కాని ఉబ్బే గుణం పోయింది. లోపల నూగంతా నిమ్మకాయలంత ముద్దలు కట్టి అడుగుకు జారింది. తడిసిన కోడి వాసన వస్తోంది.

ఇంకొకడైతే అక్కడ ఆగేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం ఈయన. పరుపులో దూది ఉండకడితే ఏం చేస్తాం, కొడతాం. బెత్తం తీసుకుని కొట్టాడు. ముద్దలు కొన్ని విడిపోయాయి, చాలావరకు విడిపోలేదు. విడిపోనివాటిని తలా కొంచెం సర్ది, మళ్లీ జారకుండా బొంతకు వేసినట్టు బారుగా కుట్లు వేయించాడు, ఇటునుంచి అటు సూది దిగేలా. వాసన పోవడానికి సాంబ్రాణి పొగ పట్టించాడు. అంతా అయ్యాక చూసుకుంటే సంచి చక్కగా, గీతలు గీతలుగా, కెమెరాకు ఎంతో అందంగా ఉంది.

"అచ్చం నవాబుగారి రజాయిలా ఉంది బావా" అన్నాడు ఆదినారాయణ.

"చలి నీ దరిదాపులకు రాదురా" అన్నాడు బసవపున్నయ్య. ఆ మాట ఆయన నోటినుంచి వచ్చింది. తరువాత ఎన్ని వందలసార్లు తలుచుకున్నాడో.

వాళ్లు రైలెక్కిన నాలుగో రోజు బాలమణి పుట్టింటినుంచి తిరిగొచ్చింది. సంచి ఉడికిన వారం ఆమె ఊళ్లో లేదు. వచ్చేసరికి పెరట్లో ఒక గంపకింద బాతుపిల్లలు నాలుగు చచ్చి ఉన్నాయి. వాటిని చేటలో వేసుకుని షెడ్డు ముందునుంచి పోతుంటే బసవపున్నయ్య పలకరించాడు.

"ఏమైందమ్మా, పిల్లి పట్టిందా?"

"పిల్లి గాదు మాస్టరూ. కోడికింద పొదగవెట్టిన బాతుగుడ్లు గివి. మొన్న వాన పడ్డది గద, నీళ్లల్లకు దిగినయట. తడిసి సలికి సచ్చినయ్."

"బాతు తడిసి చావడమేంటి? అది నీళ్లలోనే కదా ఉండేది?"

బాలమణి ఆయన్ని జాలిగా చూసింది, చదువుకున్నవాళ్లకు ఏమీ తెలియదన్నట్టు. "తల్లిబాతు కిందుంటె దాని నూనె పిల్లలకంటుతది. నూనె ఉంటె నీళ్లు జారిపోతయ్. కోడికి గా నూనె ఏడుంటది? నూనెలేని నూగు తడిసిందంటె ముద్దగడ్తది. ముద్దగట్టినంక ఇగ యేడి నిలువది, ఎంత ఎండలేసినా ఎన్కటి లెక్క గాదు. గంతే, పాణం పోతది."

ఆమె వెళ్లిపోయింది. బసవపున్నయ్య పట్టుకున్న చొక్కా కిందపడింది. సోడానీళ్లు. జిడ్డు వదలగొట్టేందుకే కదా సోడా వేసేది! నూనె మొత్తం ఆయన చేతులతో ఉడికించి తీసేశాడు. ముద్దల మధ్య ఉత్త గుడ్డ మిగిల్చాడు, ఆ గుడ్డకు సూదితో వందల బెజ్జాలు పెట్టాడు. దాన్ని చుట్టి ప్రాణంలాంటి పిల్లవాడి వీపున కట్టి మంచులోకి పంపాడు.

చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బయల్దేరి, ఆటో పట్టుకుని జూబ్లీహిల్స్ ఆఫీసుకు వెళ్లాడు. సుబ్బరామయ్యగారు లోపల ఎవరికో కథ చెప్పిస్తున్నారు. ముందు గదిలో ఫోను దగ్గర కూర్చుని, మనాలిలో వాళ్లు దిగిన హోటలుకు కలపమన్నాడు. అరగంటకు కలిసింది. అవతల గుమాస్తా హిందీలో చెప్పాడు: వాళ్లు పొద్దున్నే గుర్రాలమీద పైకి వెళ్లారు, రాత్రికి మైదానంలో ఉంటారు, రేపు సరస్సుకు నడుస్తారు.

"ఏమైనా ముఖ్యమైన కబురా సాబ్? గుర్రంమీద మనిషిని పంపిస్తే రేపు వాళ్లు నడక మొదలుపెట్టేలోపు అందుకుంటాడు. దళసరి కంబళ్లు కూడా పంపొచ్చు" అన్నాడు గుమాస్తా.

ఇదీ అసలు చోటు. ఇక్కడ అవునంటే చాలు. కాని ఆ క్షణంలోనే సుబ్బరామయ్యగారు తలుపు తీసుకుని బయటికొచ్చారు. "ఏంటి పున్నయ్యా, ఎక్కడికి ఫోను?" అన్నారు నవ్వుతూ.

ఏమని చెప్తాడు? మీ ఫారిన్ సంచిని సోడాలో ఉడికించి తగలేశానని చెప్పాలి. ముప్ఫై ఏళ్ల చేతికి అది తెలియలేదని చెప్పాలి.

"ఊరికేనండీ. మావాడు చేరాడో లేదోనని."

"చేరకేం చేస్తాడయ్యా! నీకు మరీ బెంగ" అని ఆయన లోపలికి వెళ్లిపోయారు. బసవపున్నయ్య ఫోనులో, "ఏమీ లేదు, కబురేం లేదు" అని పెట్టేశాడు.

సిగ్గు చంపేంత పెద్దదా అని మీరడగొచ్చు. ఆ క్షణానికి అంతకంటే పెద్దదే. ఇల్లు చేరేలోపు దానికి పది సాకులు దొరికాయి. ఆది తెలివైనవాడు, స్వెట్టర్లు వేసుకుంటాడు. నిప్పు వేసుకుంటారు. అందరూ ఒక గుడారంలోనే కదా. ఏమంత చలి! సాకులు దొరికినంత తేలికగా నిద్ర మాత్రం దొరకలేదు. మర్నాడు సాయంత్రం మళ్లీ ఫోను చేద్దామని ఆఫీసు దాకా వెళ్లి, గేటు దగ్గరనుంచే వెనక్కి వచ్చాడు. రాజ్యలక్ష్మి, "ఏవండీ, ఒంట్లో బాలేదా?" అంటే కసురుకున్నాడు. పేపర్లో ఉత్తరాదిన ఈసారి మంచు ముందే పడిందని చిన్న వార్త ఉంది. ఆ పేజీని నాలుగు మడతలు పెట్టి చొక్కాల మధ్య దాచాడు, రాజ్యలక్ష్మి చూడకుండా.

మూడో రోజు మధ్యాహ్నం ఆఫీసు కారు వచ్చి ఇంటిముందు ఆగింది. డ్రైవరు దిగి, తల వంచుకుని, "మనాలినుంచి ఫోనొచ్చిందండీ. ఒకరు పోయారట. లైను తెగిపోయింది. ఎవరో తెలీలేదు. అయ్యగారు మిమ్మల్ని రమ్మన్నారు" అన్నాడు.

బసవపున్నయ్యకు ఎవరో తెలిసిపోయింది. రాజ్యలక్ష్మి వైపు చూడలేక కారెక్కాడు. దారిపొడుగునా దేవుళ్లందరికీ ఒకటే మొక్కు. వాడు కాకూడదు. ఎవరైనా సరే, వాడు కాకూడదు.

ఆఫీసులో గంటసేపు కూర్చున్నాక ఫోను మళ్లీ మోగింది. సుబ్బరామయ్యగారు విని, రిసీవరు మూసి, "భిక్షం" అన్నారు. "చలికి పోయాడట. మీవాడు బాగానే ఉన్నాడు."

అమ్మయ్య అనుకున్నాడు బసవపున్నయ్య. నిజంగా అనుకున్నాడు, దాచడమెందుకు? కళ్లనీళ్లు వచ్చాయి, అవి సంతోషంతోనే. ఆ తరువాత ఎంతోసేపటికి గాని ఆయనకు బాలమణి గుర్తు రాలేదు. ఆ కబురు ఆమెకు చెప్పాల్సింది తనేనని తెలిసినప్పుడు, ఆటో ఎక్కకుండా షేక్‌పేటకు నడిచి వెళ్లాడు.

భిక్షాన్ని అక్కడే బియాస్ నది ఒడ్డున దహనం చేశారు. ఆదినారాయణ చిన్న కుండలో ఎముకలు పట్టుకుని వచ్చాడు. కుండతోపాటు త్రినాథరావు రాసిన కాగితం ఒకటి ఆఫీసుకు వచ్చింది: భిక్షం మితిమీరి తాగి, పడక సరిగా వేసుకోకుండా పడుకున్నందున మరణించెను. పదో రోజుకల్లా షేక్‌పేటంతా అదే మాట. తాగి చచ్చాడట. మంచులో తాగుతారా ఎవరైనా? పాపం బాలమణికి ఇద్దరు ఆడపిల్లలు. లోకం తీరే అంత. చచ్చినవాడిమీద వెయ్యడానికి మట్టి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

దినాలు అయిన మర్నాడు బాలమణి షెడ్డు గుమ్మంలో నిలబడింది.

"మాస్టరూ, ఒక్క మాట. మా ఆయన తాగుతడు, నేను కాదనను. గని పనిమీదున్ననాడు మందు ముట్టడు. పదిహేనేండ్లల్ల ఒక్కనాడు ముట్టలె. మరి గా ఖాకీ సంచి మీ షెడ్డులకు వచ్చిన్నాడే నేను ఎత్తి సూసిన. గంత మందముంది. గండ్ల పండినోనికి సలెట్ల ఎక్కుతది? బట్ట సంగతి నీకెర్కే గద. నువ్వు చెప్పు."

ఆ ప్రశ్న బసవపున్నయ్యకు నిజంగానే అర్థంకాలేదు. అవును, భిక్షానిది ఖాకీ సంచి కదా! పాడైంది ఆదిది. ఇంటికి వెళ్లేసరికి ఆదినారాయణ కాఫీ గ్లాసు పట్టుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. వచ్చినప్పటినుంచీ అలాగే ఉంటున్నాడు.

"ఒరే ఆదీ, భిక్షం ఏ సంచిలో పడుకున్నాడు?"

ఆదినారాయణ గ్లాసు కింద పెట్టి ఇటు తిరిగాడు.

"నాదాంట్లో."

"ఎందుకు?"

"మైదానంలో మొదటి రాత్రే తెలిసింది బావా. లోపలంతా ముద్దలు, మధ్యలో ఉత్త గుడ్డ. ప్రతి కుట్టులోంచీ చలి. తెల్లారేదాకా కూర్చునే ఉన్నాను. మర్నాడు సరస్సు దగ్గరికి వెళ్లేసరికి మంచు పడడం మొదలైంది. ఇంకో రాత్రి దాంట్లో పడుకుంటే నేను లేవనని తెలుసు. భిక్షంతో అన్నాను, పొద్దుణ్ణుంచీ బరువంతా నువ్వే మోశావు, ఇవాళ ఫారిన్ దాంట్లో నువ్వు పడుకో అని."

"తెలిసే ఇచ్చావా?"

"తెలిసే ఇచ్చాను." వాడు మళ్లీ గోడవైపు తిరిగాడు. "ఎంత మంచోనివి సారూ అన్నాడు బావా. దండం పెట్టి తీసుకున్నాడు."

లోపల గదిలో గిన్నె కిందపడిన చప్పుడైంది. రాజ్యలక్ష్మి విన్నది.

"మరి తాగాడని?"

"చలికి తలా ఒక మూతెడు రమ్ము త్రినాథరావుగారే పోశారు. భిక్షం వద్దంటే బలవంతం చేసి తాగించారు. పొద్దున్న ఎలా రాయాలని ఆయన నన్నడిగారు. వాసన వస్తోంది కదా, అలా రాసెయ్యండన్నాను."

బసవపున్నయ్య కొడదామని చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి తనదేనని గుర్తొచ్చింది. సంచి పాడుచేసిన చెయ్యి, ఫోను పెట్టేసిన చెయ్యి. దించేశాడు.

రాజ్యలక్ష్మి గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది. "ఈ మాట ఈ గడప దాటకూడదు. పోయినవాడు ఎలాగూ రాడు. వీణ్ణి కూడా పోగొట్టుకోమంటారా? వీడి బతుకేం కావాలి? మీకు దణ్ణం పెడతాను, ఊరుకోండి."

ఒక రోజంతా ఊరుకున్నాడు. ఆ ఒక్క రోజులో పదిసార్లు బాలమణి పెరట్లో తిరుగుతూ కనబడింది. పొరుగావిడ ఎవరో గోడమీదనుంచి, "తాగుబోతోనికి గింత ఏడ్పెందుకే" అనడం విన్నాడు. బాలమణి తలెత్తకుండా బాతులకు తవుడు పెడుతోంది. పెద్దపిల్ల మాత్రం ఆ గోడవైపే చూస్తూ నిలబడింది. ఆ పిల్ల చూపు ఆయన భరించలేకపోయాడు.

మర్నాడు పొద్దున్న బాలమణిని పిలిచి, అరుగుమీద కూర్చోబెట్టి, సోడానీళ్ల దగ్గర మొదలుపెట్టి మూతెడు రమ్ము దాకా ఏదీ దాచకుండా చెప్పాడు. ఫోను పెట్టేసిన సంగతి కూడా. తేలిక సంచి న్యాయంగా భిక్షానిదని తెలిసే ఆదికి ఇచ్చిన సంగతి కూడా. చెప్తున్నంతసేపూ ఆమె ఏడవలేదు. ఆయన ఏడ్చాడు.

"గీ మాట గాడ, ఆఫీసుల, అందరి ముందల చెప్తవా?" అంది చివరికి.

"చెప్తాను."

ఇద్దరూ షేక్‌పేటనుంచి జూబ్లీహిల్స్ దాకా నడిచే వెళ్లారు. ఆమె ముందు, ఆయన వెనక. ఆఫీసులో సుబ్బరామయ్యగారు, త్రినాథరావు ఉన్నారు. బాలమణిని ఎవరూ కూర్చోమనలేదు. బసవపున్నయ్య కూడా కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాడు.

"మతి ఉండే మాట్లాడుతున్నావా?" అన్నారు సుబ్బరామయ్యగారు. "నీకు రేపటినుంచి ఈ ఊళ్లో ఎవడిస్తాడయ్యా పని? నీ బావమరిదికి ఎవడు కెమెరా ముట్టుకోనిస్తాడు?"

"తెలుసండీ."

"ఆ అమ్మాయికి ఏదో ఒకటి నేను ముట్టజెప్తానుగా. ఇదంతా అవసరమా?"

బాలమణి గుమ్మం దగ్గరనుంచి అంది, "నాకేం ఇయ్యకు సారూ. గా కాయితం మార్చి రాసియ్యి. నా పిల్లలు రేపు పెద్దగైతరు. ఆళ్ల నాయిన తాగి సచ్చిండంటే ఆళ్లు తల దించుకోవాలె."

సుబ్బరామయ్యగారు కానివ్వమన్నట్టు చెయ్యూపారు. త్రినాథరావు తల దించుకుని కొత్త కాగితం తీశాడు. రాయడానికి అయిదు నిమిషాలు పట్టింది. సంతకాలయ్యాక బాలమణి కాగితం అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, బసవపున్నయ్యకు ఇచ్చింది.

"నాకు సదువు రాదు. నువ్వు సదువు. జర పెద్దగ సదువు."

ఆయన చదివాడు. భిక్షం తాగి లేడు. అతనికి ఇవ్వబడిన పడకసంచి పాడైపోయి ఉన్నందున చలికి మరణించెను. దానిని తెలియక పాడుచేసినది కాస్ట్యూమర్ బసవపున్నయ్య. తెలిసిన తరువాత కబురు పంపకుండా ఊరుకున్నది కూడా అతడే. పాడైనదని తెలిసి భిక్షానికి ఇచ్చినది ఆదినారాయణ. ఆ పేరు దగ్గర ఆయన ఆగాడు. ఆమె కదలకుండా నిలబడింది. ఆయన మళ్లీ మొదలుపెట్టి చివరిదాకా చదివాడు.

బాలమణి కాగితం మడిచి బొడ్డులో దోపుకుని మెట్లు దిగింది. గేటు దగ్గర ఆగి, ఆయన వచ్చేదాకా ఉంది.

"మంచిగ సదివినవ్ మాస్టరూ. ఇగ షెడ్డు ఖాళీ చెయ్యి."

సాయంత్రానికల్లా ఖాళీ చేశాడు. బట్టలన్నీ మూటలు కట్టి రోడ్డుమీద పెట్టుకుని, ఆటో కోసం చీకటి పడేదాకా నిలబడ్డాడు. ఇంటికి వెళ్లేసరికి ఆదినారాయణా లేడు, వాడి పెట్టే లేదు. రాజ్యలక్ష్మి తలుపు తీసి లోపలికి వెళ్లిపోయింది. ఆ తరువాత ఆ ఇంట్లో ఆమె ఎన్నేళ్లు ఉందో అన్నేళ్లూ, ఆయనతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు.